లవంగ నూనె కలిసిన పిండి పొర

చేప, పనీర్, కోసిన పండు ముక్కలు చెడడం ఎక్కువగా పైభాగంలోనే మొదలవుతుంది. గాలి నుంచి, చేతుల నుంచి, కత్తి నుంచి చేరిన బాక్టీరియా, బూజు అక్కడే పెరుగుతాయి. అలాంటప్పుడు నిల్వ మందును ఆహారమంతటా కలపాల్సిన పనిలేదు, చుట్టే పొరలోనే ఉంచితే చాలు.

ఆ పొరను కర్రపెండలం పిండితో చేయవచ్చు. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో సగ్గుబియ్యం తయారయ్యేదీ ఈ దుంప నుంచే. పిండిని నీళ్లలో కలిపి సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడిచేస్తే రేణువులు ఉబ్బి పగిలి, గంజి చిక్కబడుతుంది. అలాగే ఆరబెడితే పెళుసుగా విరుగుతుంది కనుక, వంగేందుకు గ్లిజరిన్ చేరుస్తారు. కాస్త చల్లారాక లవంగ నూనె పోసి, విడిపోకుండా గిలకొట్టి, పలుచగా పరిచి ఆరబెడతారు. మరీ వేడిమీద పోస్తే నూనె చాలావరకు ఆవిరైపోతుంది.

లవంగ నూనెలో అధిక భాగం యూజినాల్. వాములోని థైమాల్, దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్ కూడా ఈ పనికి వస్తాయి. బాక్టీరియా కణాన్ని చుట్టి ఉండే కొవ్వు పొరలోకి యూజినాల్ చొరబడి దాన్ని వదులు చేస్తుంది. లోపలి లవణాలు బయటికి కారిపోయి కణం నీరసిస్తుంది. ఇ.కోలై వంటి వాటికి వెలుపల మరో పొర ఉండడం వల్ల అవి కాస్త ఎక్కువగా తట్టుకుంటాయి.

పొర పనితీరంతా తేమ మీదే ఆధారపడి ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు అది ఆక్సిజన్‌ను బాగా అడ్డుకుంటుంది, నూనెను పట్టి ఉంచుతుంది. ఆహారంలోని తడి తగిలితే పిండి ఉబ్బి, నూనె కొద్దికొద్దిగా బయటికొస్తుంది. మందు అవసరమైన చోటికే అందడం ఈ విధానంలోని గొప్పతనం. కానీ తడి మరీ ఎక్కువైతే పొర మెత్తబడి చిరుగుతుంది. నీటి ఆవిరిని ఆపడంలో పాలిథిన్‌కు ఇది సాటి రాదు. అందుకే కొన్ని పొరల్లో తేనెమైనమో, సన్నని సెల్యులోజ్ పోగులో కలుపుతారు. వాడాక మాత్రం పాలిథిన్‌లా ఏళ్ల తరబడి మిగలకుండా మట్టిలో కలిసిపోతుంది.

వాసన మరో చిక్కు. మోతాదు పెంచితే మామిడి ముక్కకు లవంగం ఘాటు అంటుకుంటుంది. మసాలా ఎలాగూ పడే మాంసానికి, చేపకు అది పెద్ద ఇబ్బంది కాదు. అయితే ఏ పొరా ఫ్రిజ్‌కు, శుభ్రతకు బదులు కాదు. అప్పటికే పాడైన సరుకును అది బాగుచేయలేదు.

పసుపులోని కర్కుమిన్ కలిపితే పొర కబురు కూడా చెబుతుంది. సున్నం కలిస్తే పసుపు నీళ్లు ఎర్రబడడం దిష్టి తీసే ఇళ్లలో అందరికీ తెలిసిందే. రొయ్యలు కుళ్లేటప్పుడు వెలువడే అమైన్లకూ సున్నంలాగే క్షారగుణం ఉంటుంది. వాటి వల్ల పొర రంగు మారితే, ప్యాకెట్ విప్పకుండానే లోపలి సంగతి తెలుస్తుంది. వెలుతురులో కర్కుమిన్ వెలిసిపోతుంది కాబట్టి అలాంటి ప్యాకెట్లను నీడలోనే ఉంచాలి.