గగనతలమునకు ఎల్లలు

మన యింటిమీదుగా పోవు విమానమునకు ఆకాశమున గట్టులు, కంచెలు కానరావు. అయినను ప్రతి దేశమునకును తన భూభాగముపైనున్న గగనతలమున సంపూర్ణ సార్వభౌమాధికారము కలదు. 1919 నాటి పారిస్ ఒడంబడిక అంగీకరించిన యీ సూత్రమునే 1944 డిసెంబరు 7న చికాగోలో కుదిరిన ఒడంబడిక తన మొదటి అధికరణముగా నిలిపినది. కావున నియతవేళలలో నడచు విదేశీ విమానము అనుమతి లేనిదే ఒక దేశముపై ఎగురరాదు. దిగకుండ దాటిపోవుట ఒక అనుమతి. ఇంధనము, మరమ్మతు వంటి అవసరములకు దిగుట మరియొకటి. ప్రయాణికులను, సరకును చేరవేయుట వేరొకటి.

మరి దారితప్పి వచ్చిన విమానము మాటయేమి? 1983 సెప్టెంబరు 1న న్యూయార్కునుండి సియోలునకు పోవుచు త్రోవ తప్పిన దక్షిణ కొరియా విమానమును సఖాలిన్ దీవి చెంత సోవియట్ యుద్ధవిమానము కూల్చివేసినది. అందున్న 269 మందియు మరణించిరి. త్రోవ తప్పినందుకు ప్రయాణికులు చేసిన నేరమేమి?

1984 మే నెలలో సభ్యదేశములు మాంట్రియల్‌లో సమావేశమై, ఎగురుచున్న పౌరవిమానముపై ఆయుధములు ప్రయోగింపరాదను అధికరణమును ఒడంబడికకు చేర్చినవి. దిగుమని ఆజ్ఞాపించు హక్కు మాత్రము ఆ దేశమునకు కలదు. విమానము దానిని పాటింపవలెను. తగినన్ని దేశముల ధ్రువీకరణము లభించి యీ నియమము 1998 అక్టోబరు 1న అమలులోనికి వచ్చినది. సార్వభౌమాధికారము ఎంత సంపూర్ణమైనను ప్రయాణికుల ప్రాణరక్షణమునకు లోబడియుండవలెనని దీని భావము.