మామూలు గుర్రం స్ట్రాలూ దాచాలి

ఆవు ఎదకొస్తే పశువుల ఆసుపత్రిలో గడ్డకట్టించిన వీర్యం నింపిన స్ట్రా వేయించడం మన ఊళ్లలో మామూలే. గుర్రం దగ్గరికొచ్చేసరికి అదే పని ఎంతో కష్టం. గడ్డకట్టించిన వీర్యంతో గుర్రప్పిల్ల పుట్టిందని కెనడా పరిశోధకులు 1957లోనే ప్రకటించినా, ఆ పద్ధతి ఆంబోతులకు పట్టినట్టు గుర్రాలకు పట్టలేదు. ఆంబోతుల్లో వీర్యం చలికి ఆగనివాటిని దశాబ్దాలుగా ఏరి పక్కన పెట్టారు. గుర్రాన్ని మాత్రం పరుగు, ఒడ్డూపొడుగూ చూసే ఎంచుకున్నారు. అందుకే మేటి గుర్రాల్లోనూ కొన్నింటి వీర్యం కరిగించాక పనికిరాదు.

సేకరించిన వీర్యాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైద్రవాన్ని చాలావరకు తీసేసి, మిగిలిన కణాలను పచ్చసొన, గ్లిజరాల్ ఉన్న ద్రావణంలో కలుపుతారు. మంచు స్ఫటికాలు కణం పొరను చీల్చకుండా గ్లిజరాల్ అడ్డుకుంటుంది. అర మిల్లీలీటరు స్ట్రాల్లో నింపి, ద్రవ నత్రజని ఆవిరిలో చల్లార్చి, మైనస్ 196 డిగ్రీల ద్రవంలో ముంచుతారు. కరిగించాక నూటికి 30 కణాలు ముందుకు ఈదితే చాలంటారు. అసలు పరీక్ష ఆ తర్వాతే. ఆవు ఎద ఒక్కరోజులో ముగుస్తుంది. ఆడ గుర్రానిది అయిదారు రోజులు సాగి, అండం చివర్లో విడుదలవుతుంది. కరిగిన కణాలేమో ఎక్కువసేపు బతకవు. అందుకే డాక్టరు రాత్రీపగలూ స్కానింగ్ చేస్తూ, అండం విడుదలయ్యే గంటల కోసం కాపు కాయాలి.

ఇంత తంటా ఎందుకనేవాళ్లున్నారు. గుర్రప్పందేల లోకం దీన్ని ఒప్పుకోదు కూడా: మలక్‌పేటలో పరుగెత్తే థరోబ్రెడ్ జాతి పందెం గుర్రాలన్నీ సహజంగా దాటించగా పుట్టినవే, నిబంధన అలాంటిది. ఒక్క మేటి గుర్రానికే వేల పిల్లలు పుట్టి జాతి ఇరుకైపోతుందన్న భయం నిజమైనదే. కానీ ఆ తప్పు స్ట్రాది కాదు, ఏ గుర్రం స్ట్రా దాచాలో నిర్ణయించేవాళ్లది. అయినా ఈ తంటా పడాల్సిందే: లద్దాఖ్ జన్‌స్కారీ, మణిపురీ పోనీల వంటి జాతుల్లో మిగిలినవే తక్కువ. గ్లాండర్స్ అనే అంటురోగం సోకిన గుర్రాన్ని చంపక తప్పదు, దాంతో ఒక వంశమే పోవచ్చు. చనిపోయిన మగ గుర్రం వృషణాల దగ్గరి నాళం నుంచి కూడా, వెంటనే తీస్తే, కణాలను దాచవచ్చు. మన దగ్గర నైపుణ్యం లేదనడానికీ వీల్లేదు. గడ్డకట్టించిన వీర్యంతో ఏర్పడిన పిండాన్నే మళ్లీ గడ్డకట్టించి, మరో గుర్రం గర్భంలో పెట్టి, 2024లో బికనేర్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు పిల్లను పుట్టించారు. ఆ నైపుణ్యం అందాల పోటీల్లో గెలిచిన గుర్రాల దగ్గరే ఆగిపోకూడదు. కొండదారుల్లో బరువులు మోసే పేరులేని మగ గుర్రాల దగ్గరికీ సేకరణ బృందాలు వెళ్లాలి. ఒక్కో గుర్రానికి ఇన్ని స్ట్రాలేనని హద్దు పెట్టి, వీలైనన్ని వంశాలవి దాచాలి. ఆ గుర్రాలు బతికుండగానే ఈ పని మొదలుకావాలి.