నోరు విప్పితేనే మార్కులు!

నాట్ల మడిలో మునుం పట్టినప్పుడు ఒక్కరు వెనకబడితే వరుసంతా చెడుతుంది. వెనకబడిన మనిషి "నడుం పట్టేసింది, కాస్త చూసుకోండి" అని ఒక్క మాటంటే పక్కవాళ్లు సర్దుకుంటారు. చెప్పకుండా ఊరుకుంటేనే తగువు. విదేశీ విశ్వవిద్యాలయాలకు వెళ్లిన మన పిల్లలకు ఎదురవుతున్న చిక్కు కూడా సరిగ్గా ఇదే.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మన దేశం మొదటి స్థానంలో నిలిచింది. వీరిలో తెలుగు పల్లెల బిడ్డలూ ఉన్నారు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపిన తల్లిదండ్రులూ ఉన్నారు. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కి విమానం ఎక్కితే ఇక ఇంగ్లీషు బెడద తీరినట్లే అనుకుంటారు. కానీ అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

జట్టు చదువు

అక్కడ చాలా కోర్సుల్లో చివరి పరీక్ష ఒక్కటే మార్కులు తేల్చదు. నలుగురైదుగురిని ఒక జట్టుగా కూర్చి ఒక పని అప్పగిస్తారు. దీన్నే గ్రూప్ ప్రాజెక్టు అంటారు. ఆ జట్టులో ఒకరిది చైనా, ఒకరిది బ్రెజిల్, ఒకరిది అమెరికా, ఇంకొకరిది మన గుంటూరో కరీంనగరో కావచ్చు. అందరికీ ఉమ్మడి భాష ఇంగ్లీషే. చాలాచోట్ల ఎవరెంత పని చేశారన్నది జట్టులోని వారే ఒకరి గురించి ఒకరు రాసి ఇవ్వాలి. ఎంఎస్ పట్టా చేతికి రావాలంటే సాధారణంగా సగటు గ్రేడు నాలుగుకు మూడు తగ్గకూడదు. కాబట్టి జట్టులో వెనకబడితే ఆ దెబ్బ పట్టా మీదే పడుతుంది.

పెద్దల ముందు, కొత్తవారి ముందు తగ్గి ఉండటం మన ఇళ్లలో మర్యాద. మౌనం అర్ధాంగీకారం అన్నది మన మాట. కానీ అక్కడి జట్టులో మౌనానికి వేరే అర్థం తీస్తారు. విషయం తెలియదనో, పని చేయలేదనో అనుకుంటారు. రాత్రంతా కూర్చుని తన వంతు లెక్కలు పూర్తి చేసిన కుర్రవాడైనా నలుగురిలో నోరు విప్పకపోతే ఆ శ్రమ లెక్కకు రాదు. "శుక్రవారానికి అవుతుందా?" అని అడిగితే కాదనలేక తల ఊపుతాడు. మన తల ఊపు అవునో కాదో వారికి అంతుబట్టదు. శుక్రవారం వస్తుంది, పని కాదు. నమ్మకం పోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఉన్న తేడా అలవాట్లలోనే.

ఇంగ్లీషు ఒకటే, అర్థాలు రెండు

మాటల్లోనూ చిక్కులున్నాయి. మనం ప్రశ్న అడగబోతూ "డౌట్ ఉంది" అంటాం. అవతలివారికి అది మీ మాట మీద నమ్మకం లేదన్నట్లు వినిపించవచ్చు. కాలేజీ చదువు పూర్తయితే మనం "పాస్ అవుట్" అయ్యామంటాం. అక్కడ ఆ మాటకు స్పృహ తప్పి పడిపోవడమని అర్థం. లక్షలు, కోట్లలో లెక్క చెబితే పక్కవాడు తెల్లమొహం వేస్తాడు. గడువు 5/6 అని రాస్తే మనకు జూన్ 5, అమెరికన్లకు మే 6. నెల రోజుల తేడా!

ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవారికీ ఈ తిప్పలు తప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్, అమెరికా అధికారులు ఒక అంశాన్ని "టేబుల్" చేయడంపై చాలాసేపు వాదులాడుకున్నారు. ఆ మాటకు బ్రిటన్‌లో వెంటనే చర్చకు తేవడమని అర్థం, అమెరికాలో పక్కన పెట్టడమని అర్థం. ఇరుపక్షాలు కోరింది ఒకటేనని తర్వాత తెలిసింది. ఈ సంగతిని చర్చిల్ తన యుద్ధ గ్రంథంలో రాశారు.

దిగితేనే ఈత

ఈ మెలకువలు వ్యాకరణ పుస్తకంలో దొరకవు. గట్టున కూర్చుంటే ఈత రాదు కదా! అందుకే కొన్ని విశ్వవిద్యాలయాలు వేర్వేరు దేశాల విద్యార్థులను కలిపి పని చేయించడాన్నే పాఠంగా మార్చాయి. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఇందుకోసం 2006లో కాయిల్ అనే కేంద్రాన్ని నెలకొల్పింది. ఎవరి దేశంలో వారుండగానే రెండు దేశాల తరగతులు కంప్యూటర్ ద్వారా కలుస్తాయి. ముందు పరిచయాలు, తర్వాత ఉమ్మడి పని, చివరికి ఎక్కడ అపార్థం వచ్చిందో అందరూ కలిసి చూసుకోవడం. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం గ్రీన్స్‌బరో ఆచార్యుడు వాస్ తరాస్ 2010లో మొదలుపెట్టిన ఎక్స్-కల్చర్ కూడా ఇలాంటిదే. అందులో వివిధ దేశాల విద్యార్థులు ఒక జట్టుగా వ్యాపార సమస్యలకు పరిష్కారం వెతుకుతారు.

ఇలాంటి జట్లలో పనికొచ్చే సూత్రాలు తేలికైనవే. విన్నది తిరిగి చెప్పి "ఇదేనా?" అని అడగాలి. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయాలి. సమావేశం కాగానే ఎవరి పని ఏమిటో రాసి అందరికీ పంపాలి. పని కాదనిపిస్తే గడువు రాకముందే చెప్పాలి. మాట యాసగా ఉందని సిగ్గుపడక్కరలేదు. నిదానంగా, విడమరిచి మాట్లాడితే చాలు.

దీనికోసం విమానమే ఎక్కాలని లేదు. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లోనూ, హైదరాబాదు ఇఫ్లూలోనూ ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులున్నారు. ఎవరి ఊరివాళ్లతో వాళ్లు జట్టు కట్టడం సహజం. అధ్యాపకులే జట్లు కలిపి వేస్తే ఆ గోడ తొలగుతుంది. విదేశీయులు లేని జిల్లా కాలేజీలోనైనా శ్రీకాకుళం పిల్లవాడినీ అనంతపురం పిల్లనూ ఒక జట్టులో వేసి ఇంగ్లీషులో పని చేయించవచ్చు.

ఫోన్ చేసినప్పుడల్లా పిల్లలను మార్కులెన్ని అని అడుగుతాం. ఈసారి "జట్టులో నువ్వేం మాట్లాడావు?" అని కూడా అడిగి చూడాలి. అడగందే అమ్మయినా పెట్టదు. చెప్పందే జట్టుకైనా తెలియదు.