నిప్పును మంచును చుట్టివచ్చు బాట

ఉత్తర అట్లాంటిక్ మహాసముద్ర మధ్యమున ఐస్‌లాండు అను ద్వీపము కలదు. ఆర్కిటిక్ వలయము దాని ఉత్తరతీరమునకు మిక్కిలి చేరువగా పోవుచున్నది. దాని వైశాల్యము సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణ రాష్ట్రముకంటె కొంచెము చిన్నది. జనసంఖ్య మాత్రము నాలుగు లక్షలకు లోపుగనే యున్నది. ఐస్‌లాండు అనగా మంచుదేశమని అర్థము. కాని ఆ పేరు సగము సత్యమునే చెప్పుచున్నది. దేశములో సుమారు పదియవ వంతు భూమిని మంచు కప్పియున్నమాట నిజమే. ఆ మంచుక్రిందను, దాని చుట్టుప్రక్కలను నిప్పు దాగియున్నది.

నిప్పును మంచును ఒకేచోట ఉండుటకు కారణమేమి? భూమి పైపొర ఒకే ముద్దగా లేదు. పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి యున్నది. అట్టి రెండు పలకలు, ఉత్తర అమెరికా పలకయు యూరేసియా పలకయు, అట్లాంటిక్ సముద్రగర్భమున ఒకదానినొకటి వీడి ఏటేట సుమారు 2 సెంటీమీటర్లు దూరమగుచున్నవి. మన చేతిగోళ్లు పెరుగు వేగముకంటెను ఇది మెల్లనిది. ఐనను ఆ సందులోనుండి కరగిన శిల పైకి ఉబికి, చల్లారి, కొత్తనేలగా మారుచుండును. ఐస్‌లాండు ఆ విధముగా సముద్రముపైకి లేచిన నేల. మన ప్రాంతమునను ఇట్టి శిల లేకపోలేదు. వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతముల నల్లరాయియు, రాజమహేంద్రవరమునకు సమీపమునగల కాటేరు, పంగిడి గ్రామముల నల్లరాయియు సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట లావాగా ప్రవహించి చల్లారినవే. మనయొద్ద ఏనాడో ముగిసిన కథ అచ్చట నేటికిని జరుగుచున్నది.

ఈ ద్వీపమును చుట్టివచ్చు రాజమార్గ మొకటి కలదు. దాని పొడవు సుమారు 1,320 కిలోమీటర్లు. అది 1974వ సంవత్సరమున పూర్తియైనది. అంతకుముందు ఆగ్నేయతీరమున నదులు పాయలు పాయలుగా ప్రవహించు ఒక ఇసుకమైదానము బాటకు అడ్డుపడుచుండెను. అచ్చటి జనులు రాజధానిని చేరుటకు ఉత్తరపుదిక్కుగా దేశమంతయు చుట్టిరావలసి యుండెడిది. ఆ మైదానముపై వంతెనలు నిర్మించిన పిమ్మట చుట్టుబాట కలిసినది.

నేడు అనేక దేశముల యాత్రికులు ఈ బాటపై ప్రయాణము చేయుచున్నారు. పదిమందియో పండ్రెండుమందియో ఒక చిన్నబస్సులో కూర్చుండి, ఒక మార్గదర్శి వెంట, ఏడెనిమిది దినములలో దీవిని చుట్టివత్తురు. జట్టు చిన్నదైనచో మార్గదర్శి మాట అందరికిని వినబడును. దిగినవారు తిరిగి ఎక్కిరో లేదో లెక్కించుటయు సులభము. ప్రతిదినము ఉదయమున అతడు చేయు మొదటిపని వాతావరణ సూచనలను, బాటల స్థితిని తెలిసికొనుట. అచ్చటి గాలి ఒక్కొక్కప్పుడు వాహనపు తలుపును ఊడబెరుకును. అందుచే దిగునపుడు తలుపును గట్టిగా పట్టుకొనవలెనని అతడు మొదటనే హెచ్చరించును. గాలి మితిమీరిన దినమున ప్రయాణమును మానుకొందురు. దూరదేశమునుండి ధనము వెచ్చించి వచ్చినవారికి ఇది కష్టముగ తోచును. కాని ఆ నిషేధములకు వెనుక ఎన్నో తరముల అనుభవము కలదు.

యాత్ర సాధారణముగా రాజధానియగు రేక్యవిక్ నగరమునుండి తూర్పుదిక్కుగా బయలుదేరును. దీవి నడిబొడ్డు ఎడమచేతివైపున నుండును గనుక మన ఆచారమునుబట్టి ఇది అప్రదక్షిణమే యగును. మొదట వచ్చునది థింగ్‌వెల్లిర్ మైదానము. ముందు చెప్పిన పలకలు వీడిపోవుటచే ఏర్పడిన నల్లని రాతిగోడల సందు అచ్చట స్పష్టముగా కనబడును. ఐస్‌లాండు జనులు 930వ సంవత్సరమున తమ శాసనసభను ఆ స్థలముననే ప్రథమముగా సమావేశపరచిరి. ఆ సభ కాలక్రమమున రాజధానికి తరలినను, దాని పేరు నేటికిని నిలిచియున్నది.

అచ్చటనుండి కొంతదూరమున గేసిర్ అను ఉష్ణజలధార కలదు. ప్రపంచమునందలి ఇట్టి ధారలకు ఇంగ్లీషువారు వాడు పేరు దీనినుండియే పుట్టినది. గేసిర్ ఇప్పుడు అరుదుగా ఎగయును. కాని దాని ప్రక్కనున్న స్ట్రోక్కుర్ అను ధార పది నిమిషములు తిరుగకముందే మరల మరల ఎగయుచుండును. భూమిలోపల ఒక గొట్టమువంటి బిలము కలదు. దాని అడుగుననున్న నీరు వేడిరాతి తాకిడిచే 100 డిగ్రీలు మించి కాగినను, పైనున్న నీటి బరువుచే వెంటనే ఆవిరి కాజాలదు. వేడిమి ఇంకను హెచ్చి కొంతనీరు ఆవిరియైనంతనే పైనీరు పొంగి బరువు తగ్గును. అంతట అడుగునీరంతయు ఒక్కపెట్టున ఆవిరియై 15, 20 మీటర్ల ఎత్తునకు చిమ్మును. మూతబిగించిన పాత్రలో నీరు కాచునపుడు ఆవిరి ఒత్తిడిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును.

సమీపముననే గుల్‌ఫాస్ కలదు. గుల్ అనగా బంగారము, ఫాస్ అనగా జలపాతము. హ్వీతా నది అచ్చట రెండు మెట్లుగా 32 మీటర్ల లోతునకు దూకును. ఇరువదియవ శతాబ్ది ప్రారంభమున విద్యుత్తుకొరకు ఈ జలపాతమును వినియోగింపవలెనని కొందరు తలపెట్టిరి. ప్రక్క పొలముననుండు రైతుకూతురు సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్ దానికి అడ్డుపడెను. ఆమె నూరు కిలోమీటర్లకు మించిన దూరముననున్న రాజధానికి పలుమారులు పోయి న్యాయస్థానమున పోరాడెను. జలపాతము పోయినచో తానును అందు దూకుదునని ఆమె పలికెనని చెప్పుదురు. వ్యాజ్యమున ఆమెకు జయము కలుగలేదు. ఐనను ఆ పథకము నెరవేరలేదు, జలపాతము నిలిచినది. ఆమె పక్షమున వాదించిన న్యాయవాది స్వెయ్న్ బ్యోర్న్‌సన్ 1944లో ఐస్‌లాండు మొదటి అధ్యక్షుడయ్యెను. తోమస్‌దోత్తిర్ అనగా తోమస్ కూతురని అర్థము. ఆ దేశమున మనకువలె ఇంటిపేర్లు సామాన్యముగా లేవు. తండ్రి పేరో, కొన్నియెడల తల్లి పేరో బిడ్డపేరునకు చేరును.

దక్షిణతీరమున స్కోగాఫాస్ మొదలగు జలపాతములు కొండచరియలనుండి సుమారు 60 మీటర్ల ఎత్తునుండి పడుచుండును. వాటివెనుకనున్న ఎయ్యఫ్యాత్లయోకుల్ అను మంచుకొండ 2010 ఏప్రిల్‌లో బ్రద్దలై బూడిదను ఆకాశమునకు చిమ్మెను. ఆ బూడిద విమానముల యంత్రములలో చేరినచో కరగి గాజువలె అంటుకొని యంత్రము నిలిచిపోవు అపాయము కలదు. అందుచే యూరపుఖండమున పెక్కుదేశములలో విమానములు కొన్ని దినములు నేలవిడువలేదు.

ఇంకను ముందునకు పోయినచో రేనిస్‌ఫ్యారా అను నల్లయిసుక తీరము వచ్చును. లావా చల్లారునపుడు ముడుచుకొని పగిలి ఏర్పడిన రాతిస్తంభములు అచ్చట వరుసతీరి నిలిచియున్నవి. ఈ సుందరస్థలమే యాత్రలోకెల్ల అపాయకరమైనది. చిన్న అలలు పెక్కు వచ్చిపోయిన పిదప, ఎట్టి సూచనయు లేక, ఒక పెద్ద అల తీరముపైకి దూరముగా చొచ్చుకొనివచ్చి మనుష్యులను లాగికొనిపోవును. అచ్చట యాత్రికులు ప్రాణములు కోల్పోయిన సంఘటనలు కలవు. సముద్రమునకు వీపు త్రిప్పి నిలువరాదని మార్గదర్శి ఇచ్చట గట్టిగా ఆజ్ఞాపించును. సమీపమునగల విక్ గ్రామమున చర్చి ఒక మిట్టపై కట్టబడియున్నది. ప్రక్కనున్న కాట్లా అగ్నిపర్వతము మంచుక్రింద నున్నది. దాని పెద్ద విస్ఫోటము 1918లో జరిగినది. అది మరల బ్రద్దలై వరద వచ్చినచో ఆ చర్చికడకు చేరవలెనని గ్రామస్థులకు తెలియును.

తరువాత బాట లాకి లావాక్షేత్రముగుండ పోవును. 1783 జూన్ 8వ తేదీన అచ్చట సుమారు 27 కిలోమీటర్ల పొడవున నేల చీలి, ఎనిమిది మాసములు లావా ప్రవహించెను. లావాకంటెను దానితో వెలువడిన విషవాయువులే ఎక్కువ చేటు చేసినవి. గడ్డి విషమైనది, పశువులలో సగమునకు మించి నశించినవి, పిమ్మట కలిగిన కరవున దేశజనులలో సుమారు అయిదవవంతు మరణించిరి. నేడా లావాపై మెత్తని నాచు పరుపువలె పెరిగియున్నది. దానిపై పడిన కాలిముద్ర ఏండ్లతరబడి మాయదు. అందుచే నాచును త్రొక్కరాదు. బాట విడిచి వాహనము నడుపుట చట్టముచే నిషేధింపబడినది.

అటుపిమ్మట స్కేదరార్ ఇసుకమైదానము వచ్చును. 1974లో చుట్టుబాటను పూర్తిచేసిన వంతెనలు కట్టినది ఇచ్చటనే. దీనికి ఉత్తరమున వత్నయోకుల్ అను మహాహిమానీనదము కలదు. యోకుల్ అనగా హిమానీనదము. వత్నయోకుల్ వైశాల్యము సుమారు 7,700 చదరపు కిలోమీటర్లు. 1996 సెప్టెంబరు చివర దానిక్రింద అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. కరగిన నీరు మంచుక్రింద ఒక గుంటలో కూడుచుండెను. వరద తప్పదని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. నవంబరు 5వ తేదీన నీరు మంచుగోడను లేపి బయటపడెను. ఇండ్లంతేసి మంచుగడ్డలు కొట్టుకొనివచ్చి వంతెనలను విరిచినవి. కాని ముందుగనే జాగ్రత్తపడుటచే ఒక్క ప్రాణమైనను పోలేదు. కొలది వారములలో తాత్కాలికముగా బాటను మరల తెరచిరి. నాడు మెలితిరిగిన ఇనుపదూలములను బాటప్రక్కన స్మారకముగా నిలిపియున్నారు.

వత్నయోకుల్ అంచున యోకుల్సార్లోన్ అను సరస్సు కలదు. హిమానీనదము కొసనుండి విరిగిన మంచుదిబ్బలు నీలవర్ణముతో అందు తేలుచుండును. దాదాపు తొంబదియేండ్ల క్రిందట ఆ స్థలమున సరస్సు లేదు, మంచే యుండెను. మంచు వెనుకకు తగ్గినకొలది సరస్సు పెరిగినది. నేడు దానిలోతు 240 మీటర్లకు మించియున్నది. భూమి వేడెక్కుచున్నదనుటకు ఇంతకంటె కంటికి కనబడు సాక్ష్యము వేరొకటి ఉండదు.

తూర్పుతీరమున బాట సముద్రపుచీలికల అంచులవెంట మెలికలు తిరిగి ఉత్తరమునకు పోవును. అచ్చట దెత్తిఫాస్ అను మహాజలపాతము బూడిదరంగు నీటితో సుమారు 44 మీటర్ల లోతునకు దూకుచుండును. ఆవల మీవత్న్ సరస్సు, దాని సమీపమున గంధకపు వాసనతో కుతకుత ఉడుకు బురదగుంటలు కలవు. క్రాఫ్లా అను చోట 1975 మొదలు 1984 వరకు నేల పలుమారులు చీలి లావా చిమ్మెను. ఆ క్రాఫ్లాలోనే భూగర్భపు ఆవిరితో విద్యుత్తును తీయు కేంద్ర మొకటి నేడు పనిచేయుచున్నది. కీడుచేసిన వేడిమియే కొలువుచేయుచున్నది! రేక్యవిక్ నగరమున 1930 నుండియు వేడినీటి ఊటలను గొట్టముల ద్వారా ఇండ్లకు పంపుచున్నారు. నేడు దేశమునందలి ఇండ్లలో సుమారు నూటికి తొంబది ఇట్లే వెచ్చగా నుండుచున్నవి. శీతకాలమున రాజధానిలో పగలు నాలుగైదు గంటలు మాత్రమే యుండు దేశమునకు ఇది ఎంత ఉపకారమో ఊహింపవచ్చును.

అకురేరి పట్టణము దాటి యాత్ర పడమరగా రాజధాని వైపు తిరుగును. ఈ భాగమున బాటకు దూరముగా ఓక్ అను కొండ కలదు. దాని శిఖరముననున్న హిమానీనదము కరగి సన్నగిలి కదలజాలనిదైనది. 2014లో అది హిమానీనదము కాదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. 2019లో అచ్చట ఒక స్మారక ఫలకమును నిలిపిరి. మంచుకొక సమాధిఫలకము వేయవలసివచ్చుట మానవజాతికి హెచ్చరిక.

యాత్రాసమయమున మార్గదర్శులు తప్పక చెప్పు కథ యొకటి కలదు. దక్షిణతీరమునకు ఎదురుగా హైమే అను చిన్నదీవి యున్నది. 1973 జనవరి 23వ తేదీన, జనులందరు నిద్రించు వేళ, ఊరిప్రక్కనే నేల చీలి నిప్పులు చిమ్మెను. ముందుదినమున తుపాను వీచుటచే చేపలుపట్టు పడవలన్నియు రేవులోనే యుండెను. సుమారు 5,000 జనులలో దాదాపు అందరును ఆ రాత్రియే పడవలపై ఆవలి తీరమును చేరిరి. తరువాత లావా రేవును మూసివేయుటకు సిద్ధమయ్యెను. రేవు పోయినచో ఊరికి జీవనమే లేదు. అప్పుడు జనులు సముద్రపునీటిని యంత్రములతో తోడి, మాసములతరబడి లావాపై చల్లిరి. చల్లారిన లావాయే గోడయై వెనుక వచ్చు లావాను అడ్డగించెను. జూలైలో విస్ఫోటము ఆగినది. కొన్ని వందల ఇండ్లు పోయినవి. రేవు మిగిలినది, అంతకుముందుకంటె గాలితాకిడి తక్కువగలదిగ మారినది. కొంతకాలమునకు పెక్కుమంది తమ ఊరు తిరిగి చేరిరి.

ఇటువంటి పరీక్ష మరల వచ్చినది. 2023 నవంబరు 10వ తేదీరాత్రి నైరుతిమూలనున్న గ్రిందవిక్ పట్టణమును భూకంపములు కుదిపివేసెను. సుమారు 3,800 మంది జనులను ఖాళీచేయించిరి. తరువాతి జనవరిలో లావా పట్టణపుటంచునకు చేరి కొన్ని ఇండ్లను దహించెను. ఆ ఇండ్లలో ఆనాడు మనుష్యులెవరును లేరు.

చుట్టుబాట చివరకు బయలుదేరిన చోటికే వచ్చును. కాని యాత్రికుడు బయలుదేరినప్పటి మనుష్యుడుగా తిరిగిరాడు. నిప్పును ఆర్పుటకుగాని, మంచును ఆపుటకుగాని, అలను నిలుపుటకుగాని అచ్చటివారికి శక్తి లేదు. ముందు తెలిసికొనుట, తెలిసినదానిని అందరికి చెప్పుట, చెప్పినమాటను వినుట, ఆపదవేళ ఒకరికొకరు తోడగుట, ఈ నాలుగే వారి బలము. 1783లో అయిదవవంతు జనము నశించిన దేశము 1996లో ఒక్క ప్రాణమును పోగొట్టుకొనక మహావరదను దాటినది. ప్రకృతి మారలేదు, మానవుడు నేర్చుకొన్నాడు. అలకు వీపు త్రిప్పవద్దని మార్గదర్శి చెప్పు చిన్నమాటలో ఆ నేర్పంతయు ఇమిడియున్నది.