దీపం వెలిగితే చాలునా?

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు నివసించే భవనం ఒకటి అగ్నికి ఆహుతి అయింది. 40 మందికి పైగా భారతీయులు మరణించారు. వారిలో ఆంధ్రప్రదేశ్ వారూ ఉన్నారు. విద్యుత్ షార్ట్ సర్క్యూటే ఇందుకు మూలమని అక్కడి అగ్నిమాపక దళం ప్రకటించింది. అద్దె ఇంటి గోడలలోని తీగలపై అద్దెకున్నవారికి అధికారం ఉండదు. కాని రాజంపేటలోనో, రాయచోటిలోనో, గోదావరి జిల్లాలలోనో కువైట్ దీనార్లతో లేచే స్వంత ఇంటి సంగతి వేరు. యజమాని ఎడారిలో ఉండగానే గోడలలో తీగలు లాగుతారు, పైన సిమెంటు పూస్తారు, ఆపైన రంగు వేస్తారు. నెల రోజుల సెలవుపై వచ్చిన యజమాని పాలు పొంగించి, దీపాలన్నీ వెలుగుతున్నాయని తృప్తిపడి తిరుగు విమానం ఎక్కడం పరిపాటి.

దీపం వెలగడం ఋజువు చేసేది ఒక్కటే: ఫేజు, న్యూట్రల్ తీగలు అక్కడికి చేరాయని. మూడవదైన ఎర్తు తీగ లేకున్నా దీపం వెలుగుతుంది, ఫ్రిజ్ చల్లబడుతుంది. కువైట్ సాకెట్లలో పొడవైన ఎర్తు పిన్ను దూరితే తప్ప మిగిలిన రెండు రంధ్రాల మూతలు తెరుచుకోవు. రెండు పిన్నుల ప్లగ్గు కోసం ఆ రంధ్రంలో పెన్ను మూత దూర్చే ఇళ్ళు ఎన్నో! ఎర్తు పట్ల మనకున్న చులకనకు వేరే నిదర్శనం అక్కరలేదు.

ఎర్తు గుంత నిరోధం 46 ఓములు అనుకుందాం. ఫ్రిజ్‌లో ఫేజు తీగ లోహపు తొడుగును తాకితే 230 వోల్టుల పీడనం వద్ద భూమిలోకి పోయే ప్రవాహం 5 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది లెక్కలోకే రాదు. స్విచ్చు పడదు, తొడుగు మాత్రం ప్రాణాంతకంగా నిలిచి ఉంటుంది. ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్తుకూ మధ్య టెస్ట్ ల్యాంపు వెలిగించి “ఎర్తు బాగుంది” అంటారు. 60 వాట్ల బల్బుకు కావలసింది పావు ఆంపియరు. ఈ చెడ్డ ఎర్తు మీద కూడా అది దాదాపు నిండుగానే వెలుగుతుంది! ఎర్తు టెస్టర్‌తో కొలిచి ఓములలో అంకె చెప్పమనాలి.

గుంతలో జరిగేది రసాయన శాస్త్రమే. ఎండిన మట్టి విద్యుత్తును దాదాపు ప్రసరింపజేయదు. తేమలో కరిగిన లవణాల అయానులే దానిని మోస్తాయి. ఉప్పు, బొగ్గు వేసేది అందుకే. అయితే ఆ ఉప్పే వానలకు కొట్టుకుపోతుంది. ఉన్నంతకాలం పైపుపై జింకు పూతను, తరువాత ఇనుమును తింటుంది. రాగి తీగను జి.ఐ. పైపుకు నేరుగా బిగిస్తే తేమ తగిలిన ఆ అతుకు ఒక చిన్న బ్యాటరీగా మారి జింకు మరీ త్వరగా కరిగిపోతుంది. ఎర్రగుంట్ల వంటి నాపరాతి నేలలో వేసవిలో గుంతకు నీరు పోయకపోతే నిరోధం ఎన్నో రెట్లు పెరగవచ్చు.

అందువల్ల ఎర్తుకు తోడుగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండి తీరాలి. పై ఉదాహరణలోని 5 ఆంపియర్లు దానికి అతి పెద్ద సంకేతం, క్షణంలో పడిపోతుంది. దాని మీది ‘టి’ బొత్తాము పరీక్షించేది ఆ పరికరాన్నే, గుంతను కాదు. ఇది ఉన్న ఇంట్లో టెస్ట్ ల్యాంపు వెలిగీ వెలగకముందే స్విచ్చు పడాలి. పడకుండా బల్బు నిలకడగా వెలిగితే ఎవరో సాకెట్టులోనే ఎర్తును న్యూట్రల్‌కు కలిపి పని ముగించారని అనుమానించాలి. రేపు ఆ న్యూట్రల్ తెగితే ఉపకరణం తొడుగంతా ఫేజే.

మెగ్గర్ పరీక్ష తుది రంగులకు ముందే జరగాలి. మెయిన్ ఆపి, బల్బులు, ఉపకరణాలు తీసివేసి, ఫేజు, న్యూట్రల్ తీగలకూ ఎర్తుకూ మధ్య 500 వోల్టులు ప్రయోగించినపుడు కనీసం 1 మెగా ఓము రావాలి. పైపు వంపులలో లాగేటపుడు గీరుకుపోయిన తొడుగు, గోడకు కొట్టిన మేకు ఇక్కడే బయటపడతాయి. తడి ఆరని గోడల వల్ల కూడా అంకె తగ్గవచ్చు కనుక వారం ఆగి మళ్ళీ చూడాలి. ఈ అంకెలను ఒక్కొక్క సర్క్యూటుకు కాగితంపై వ్రాయించి, సంతకం చేయించుకున్న తరువాతే చివరి బిల్లు చెల్లించమని ఊళ్ళో ఉన్న తమ్ముడికో, బావమరిదికో ముందే చెప్పి ఉంచాలి.