పాత ర్యాండ్‌ను ముట్టుకోవాలంటే భయం ఎందుకు

వర్గమూలం లెక్కగట్టే ఫంక్షన్ రెండుకు వర్గమూలం 1.5 అని చెప్పిందనుకుందాం. దాన్ని అదే సంఖ్యతో గుణించి చూస్తే 2.25 వస్తుంది, తప్పు అక్కడే దొరికిపోతుంది. యాదృచ్ఛిక సంఖ్యనిచ్చే ఫంక్షన్ సంగతి వేరు. అది ఏడు అంటుంది. ఏడు తప్పని ఎలా అంటాం? మళ్లీ ఏడే అన్నా తప్పనలేం, పాచికలో ఒకే ముఖం వరసగా రెండుసార్లు పడటం మామూలే. దీని తప్పు ఏ ఒక్క జవాబులోనూ ఉండదు. వేలకు వేల జవాబులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, అదీ ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్లకు మాత్రమే కనిపిస్తుంది. దాన్ని సవరించారో, ఆ సంగతి మాత్రం మర్నాటికల్లా అందరికీ తెలిసిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీలో ఈ ఫంక్షన్లను చూసుకునేవాళ్ల అవస్థ అంతా ఇక్కడే ఉంది.

ముందు ఇవి ఎలా పనిచేస్తాయో చూద్దాం. ఈ ఫంక్షన్లు పాచికలు వేయవు, లెక్క వేస్తాయి. ఒక సంఖ్యను తీసుకుని, గుణించి, కూడి, పెద్ద సంఖ్యతో భాగించి, శేషాన్ని మనకిస్తాయి. ఆ శేషమే తరువాతి లెక్కకు మొదలు. ఇదంతా అంత్యాక్షరి లాంటిది, కాకపోతే ఒక్కో అక్షరానికి ఒక్క పాటే పాడాలన్న షరతు పెట్టిన అంత్యాక్షరి. మొదటి అక్షరం చెబితే చాలు, చివరిదాకా ఎవరు ఏం పాడతారో రాసిపెట్టేయొచ్చు. ఒకసారి వచ్చిన అక్షరం తిరిగి వచ్చిందంటే అక్కడి నుంచి పాత వరసే మళ్లీ నడుస్తుంది. వర్ణమాలలో ఎన్ని అక్షరాలున్నాయో అంతకు మించి కొత్త పాట వినిపించదు. ఆ మొదటి అక్షరాన్ని ప్రోగ్రామర్లు సీడ్ అంటారు. ఫంక్షన్ తన కడుపులో దాచుకున్న సంఖ్య ఎంత పెద్దదైతే వర్ణమాల అంత పెద్దదన్నమాట.

గుణించి శేషం తీసే ఈ పద్ధతిని 1949లో అమెరికన్ గణితవేత్త డి.హెచ్. లెమర్ ప్రతిపాదించాడు. సి భాష ప్రమాణపత్రంలో ర్యాండ్ అనే ఫంక్షన్‌కు నమూనాగా ఇచ్చింది దీని చుట్టమే: దాచుకున్న సంఖ్యను 1103515245తో గుణించు, 12345 కలుపు. ఆ నమూనా కింది పదహారు బిట్లను పారేసి, పైనున్న పదిహేను బిట్లను మాత్రమే ఇస్తుంది. ఊరికే పారేయలేదు. బేసి సంఖ్యతో గుణించి బేసి సంఖ్య కలిపితే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. సరిసంఖ్య బేసి అవుతుంది, బేసి సరిసంఖ్య అవుతుంది. అంటే ఆఖరి బిట్ సున్నా, ఒకటి, సున్నా, ఒకటి అని గడియారం లోలకంలా ఊగుతూనే ఉంటుంది. దాని పై బిట్ నాలుగింటికోసారి, ఆ పైది ఎనిమిదింటికోసారి తిరిగి మొదటికొస్తాయి.

పాత బీఎస్‌డీ యూనిక్స్‌లో ఈ లెక్కనే వాడారు, కింది బిట్లను మాత్రం పారేయలేదు. ముప్పై ఒక్క బిట్లూ ఇచ్చేశారు. ఆ యంత్రం మీద బొమ్మా బొరుసూ ఆట రాసి, ర్యాండ్ ఇచ్చినదాన్ని రెండుతో భాగించి శేషం చూస్తే బొమ్మ, బొరుసు, బొమ్మ, బొరుసు అని ఎంతసేపైనా అదే వరస. తరువాత తెచ్చిన ర్యాండమ్ అనే ఫంక్షన్ మాన్యువల్‌లోనే ఒప్పుకున్నారు, ర్యాండ్ ఇచ్చే సంఖ్యల్లో కింది డజను బిట్లు చక్రంలా తిరుగుతాయని.

మైక్రోసాఫ్ట్ సి లైబ్రరీది మరో కథ. అక్కడ కింది బిట్లను పారేశారు, కానీ ఇచ్చేది పదిహేను బిట్లే. అతిపెద్ద సంఖ్య 32767. లక్ష టికెట్ల లాటరీకి దాన్ని నేరుగా వాడితే 32767 దాటిన నంబరు కొన్నవాళ్లకు ఏ జన్మకూ బహుమతి రాదు. సరే, ఇరవై వేల టికెట్లే ఉన్నాయి, ర్యాండ్ ఇచ్చినదాన్ని ఇరవై వేలతో భాగించి శేషం తీసుకుందాం అంటారా? 32768 సంఖ్యల్లో మొదటి ఇరవై వేలు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. మిగిలిన 12768 రెండో చుట్టు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. కాబట్టి 0 నుంచి 12767 దాకా ఉన్న టికెట్లకు గెలిచే అవకాశం మిగతావాటికి రెట్టింపు. లాటరీ నడిపేవాడికి గానీ టికెట్ కొన్నవాడికి గానీ ఇందులో మోసం ఉన్నట్టే అనిపించదు.

మరి ఇంత తెలిసీ ఎందుకు బాగుచేయరు? లినక్స్ మీద సి నేర్చుకున్నవాళ్లను 1804289383 అనే సంఖ్య ఎప్పుడైనా చూశారా అని అడగండి. చాలామంది నవ్వుతారు. సీడ్ ఇవ్వకుండా ర్యాండ్‌ను పిలిస్తే లినక్స్‌లోని సి లైబ్రరీ గ్లిబ్‌సి మొదట ఇచ్చే సంఖ్య అదే, ఆ తరువాత 846930886. విండోస్ మీదైతే 41, 18467, 6334. మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి ఏలిన టర్బో సి అయితే 346, 130. ల్యాబ్ రికార్డుల్లో ఈ సంఖ్యలు అలాగే దిగిపోయాయి. అది నవ్వుకునే సంగతే. నవ్వుకోలేనివీ ఉన్నాయి. ఒక పరిశోధకుడు ఫలానా సీడ్‌తో సిమ్యులేషన్ నడిపి ఫలితం ప్రచురించి ఉంటాడు. ఒక ఆట తన లోకంలో కొండలూ కోనలూ ఎక్కడ ఉండాలో సీడ్ నుంచే గీస్తూ ఉంటుంది. ఒక కంపెనీలో రాత్రిపూట నడిచే పరీక్షలు ఆ వరసతోనే సరిపోల్చుకుంటూ ఉంటాయి. ఒకే సీడ్ ఇస్తే ఒకే వరస రావాలని సి ప్రమాణం కూడా అంటుంది. ఆ వరస ఏమిటో మాత్రం చెప్పదు. లైబ్రరీని మార్చినవాడు చట్టం దాటలేదు, అయినా పదిమంది పనీ చెడగొట్టినవాడవుతాడు.

ఇంకో చిక్కు బయటికి కనిపించదు. ర్యాండ్ ఇవ్వగల అతిపెద్ద సంఖ్యకు ర్యాండ్‌మ్యాక్స్ అని పేరు. ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసిన రోజున ఆ విలువ అందులో ముద్రపడిపోతుంది. రేపు లైబ్రరీ దాన్ని పెంచితే, పాత ప్రోగ్రామ్ తన పాత ర్యాండ్‌మ్యాక్స్‌తోనే భాగిస్తుంది. సున్నాకూ ఒకటికీ మధ్య ఉండాల్సిన భిన్నం ఒకటి దాటిపోతుంది. పది గదుల పట్టికలో పదిహేనో గది కోసం వెతికి కూలిపోతుంది.

అందుకే చాలాకాలం అనుసరించిన దారి ఒకటే: పాతదాన్ని అలాగే ఉంచి, పక్కన కొత్త పేరుతో మంచిది కట్టడం. 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన ర్యాండమ్ అలాంటిదే. ఒక్క సంఖ్యకు బదులు ముప్పై ఒక్క సంఖ్యల పట్టికను దాచుకుంటుంది, వర్ణమాల ఒక్కసారిగా విశాలమైంది. గ్లిబ్‌సి తరువాత ర్యాండ్‌నూ ర్యాండమ్‌నూ ఒకే యంత్రానికి తగిలించింది. సౌకర్యమే, కానీ ఎక్కడో ఒక లైబ్రరీ ర్యాండమ్‌కు సీడ్ ఇస్తే మీ ప్రోగ్రామ్‌లోని ర్యాండ్ వరస కూడా చెదిరిపోతుంది. ఫ్రీబీఎస్‌డీ 2021లో 13వ వెర్షన్‌తో ర్యాండ్‌ను ర్యాండమ్ లెక్కకు మార్చినప్పుడు దానికి వేరే పట్టిక కేటాయించింది. చిన్న సంగతే. ఇలాంటి చిన్న సంగతులు గుర్తుంచుకోవడమే నిర్వహణ అంటే.

ఇప్పటిదాకా చెప్పింది ఆటలూ లాటరీలూ సిమ్యులేషన్ల గొడవ. పాస్‌వర్డులు, రహస్య తాళాల దగ్గరికొచ్చేసరికి పణం పెరుగుతుంది. ఒక ప్రోగ్రామ్ మొదలైన క్షణాన గడియారం చూసి, ఆ సెకన్ల సంఖ్యనే సీడ్‌గా ఇచ్చి, ర్యాండ్‌తో తాళం తయారుచేసిందనుకోండి. అది ఏ రోజు తయారైందో తెలిస్తే చాలు. రోజుకు ఉన్నవి 86,400 సెకన్లు. అన్ని సీడ్లూ ప్రయత్నించడానికి మామూలు ల్యాప్‌టాప్‌కు కనురెప్ప వేసేంత సేపు పట్టదు.

2006లో డెబియన్ లినక్స్‌లో జరిగింది దీనికన్నా ఘోరం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా లైబ్రరీలో, విలువ పెట్టని మెమరీని వాడుతున్నారంటూ ఒక తనిఖీ పరికరం హెచ్చరిక ఇస్తోంది. దాన్ని ఆపడానికి నిర్వాహకులు కోడ్‌లో ఒకటి రెండు వరుసలు తీసేశారు. యాదృచ్ఛికతకు కావలసిన ముడిసరుకు లోపలికి వచ్చే ద్వారం కూడా ఆ వరుసలతో పాటే మూసుకుపోయింది. మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే, అది 32,768 దాటదు. అంటే ఒక రకం యంత్రం మీద, ఒక రకం తాళానికి, ప్రపంచం మొత్తంలో తయారయ్యేవి అన్నే. 2008 మేలో డెబియన్ డెవలపర్ లూసియానో బెల్లో కనిపెట్టేదాకా సుమారు ఇరవై నెలలు, ఉబుంటుతో సహా డెబియన్ మీద కట్టిన వ్యవస్థల్లో ఇలాంటి తాళాలే పుడుతూ వచ్చాయి. ఏ ప్రోగ్రామూ కూలలేదు. ఏ పరీక్షా ఫెయిల్ కాలేదు. విడిగా చూస్తే ప్రతి తాళమూ నిక్షేపంగా ఉంది.

ఇలాంటి ప్రమాదాలకు బీఎస్‌డీ వంశానికే చెందిన ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు వెతికిన జవాబు నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోస్తుంది. 1997 నుంచి వాళ్ల లైబ్రరీలో ఆర్క్‌ఫోర్‌ర్యాండమ్ అనే ఫంక్షన్ ఉంది. దానికి సీడ్ ఇచ్చే ఏర్పాటే లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్ సేకరించిన ముడిసరుకు నుంచి తనకు తానే మొదలవుతుంది. సీడ్ లేకపోతే ఏ వరస వస్తుందో ఎవరికీ తెలియదు, తెలియని వరస మీద ఎవరూ ఆధారపడలేరు. కాబట్టి నిర్వాహకుల చేతులు కట్టేసినట్టు ఉండవు. మొదట్లో దాని లోపల ఆర్‌సి4 అనే సాంకేతిక లిపి ఉండేది. అది బలహీనమని తేలాక దాన్ని తీసి చాచా20 పెట్టారు. 2014లో 5.5 వెర్షన్‌తో ఆ మార్పు జనంలోకి వెళ్లింది. ఇన్ని ప్రోగ్రాములు రోజూ వాడే ఫంక్షన్ పేగులన్నీ మార్చేసినా ఎవరూ గగ్గోలు పెట్టలేదు. పాత ర్యాండ్‌కు దక్కని అదృష్టం ఇదే. దీనికి తోడు వచ్చిన ఆర్క్‌ఫోర్‌ర్యాండమ్‌యూనిఫాం, పైన చెప్పిన ఇరవై వేల టికెట్ల అన్యాయాన్ని సరిచేస్తుంది. అసంపూర్తి చుట్టులో పడిన సంఖ్యను పారేసి మళ్లీ తీస్తుంది.

అదే సంవత్సరం చివర్లో వాళ్లు మరో అడుగు వేశారు, ఈసారి సాహసంగా. ర్యాండ్, ర్యాండమ్ వంటి పాత ఫంక్షన్లన్నిటినీ లోలోపల ఆర్క్‌ఫోర్‌ర్యాండమ్‌కు కలిపేశారు. ప్రోగ్రామ్ సీడ్ ఇచ్చినా పట్టించుకోవు. నిజంగా పాత వరస కావలసినవాళ్లు ఎస్‌ర్యాండ్‌డిటర్మినిస్టిక్ అని అంత పొడుగు పేరు రాసి మరీ అడగాలి. ఇది ప్రమాణాన్ని ఉల్లంఘించడమేనని మాన్యువల్లోనే చెప్పుకున్నారు. ప్రమాదకరమైన వాడకమే ఎక్కువ కాబట్టి అటే మొగ్గామన్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం, వాళ్లకు. తమ వ్యవస్థ మీద నడిచే ప్యాకేజీలను తామే చూసుకుని, అవసరమైన చోట మార్చుకోగల చిన్న బృందం అది. ప్రపంచంలో సగం సర్వర్ల కింద పరుచుకున్న గ్లిబ్‌సి అదే పని చేస్తే, ఎవరి సిమ్యులేషన్ ఎక్కడ విరిగిందో లెక్కపెట్టేవాళ్లు కూడా ఉండరు. గ్లిబ్‌సి పాతవాటిని కదిలించకుండా 2022 ఆగస్టులో 2.36 వెర్షన్‌తో ఆర్క్‌ఫోర్‌ర్యాండమ్‌ను చేర్చుకుంది. పక్కింట్లో పుట్టిన పాతికేళ్లకు.

ఆ చేర్చుకోవడం దగ్గరా ఒక తర్జనభర్జన నడిచింది. చాచా20 లెక్కను లైబ్రరీలోనే చేస్తే వేగం. కానీ ఒక ప్రోగ్రామ్ ఫోర్క్ అయి రెండుగా చీలినప్పుడు మెమరీ అంతా నకలవుతుంది, దాచుకున్న సంఖ్యలతో సహా. తల్లీ పిల్లా రెండూ ఇకపై ఒకే వరస పాడతాయి. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను నకలు తీసినా ఇదే గొడవ. చీలిన వెంటనే ఆ పేజీని సున్నాలతో తుడిచేసే ఏర్పాట్లు కెర్నెళ్లలో వచ్చాయి గానీ, అన్ని సందర్భాలకూ చాలవు. చివరికి గ్లిబ్‌సి వాళ్లు విడుదలకు ముందే లైబ్రరీలోని లెక్కను తీసేసి, ప్రతిసారీ కెర్నెల్‌నే అడిగేలా చేశారు. నెమ్మదే, కానీ తప్పు జరిగే చోటు ఒకటి తగ్గింది. వేగం తరువాత వచ్చింది. 2024లో లినక్స్ 6.11, కెర్నెల్ లోపలికి వెళ్లిరాకుండానే ఆ సంఖ్యలు అందుకునే దారి ఇచ్చింది.

గూగుల్ తెచ్చిన గో భాష మధ్యేమార్గం పట్టింది. సీడ్ ఇవ్వకపోతే ఎప్పుడూ ఒకే వరస ఇవ్వడం దాని పాత అలవాటు. 2023లో 1.20 వెర్షన్ నుంచి సీడ్ ఇవ్వనివాళ్లకు ప్రతిసారీ కొత్త వరస వస్తుంది, సీడ్ ఇచ్చినవాళ్లకు అప్పట్లో పాతదే ఉంచారు. పరీక్షలు విరిగినవాళ్ల కోసం ఒక సెట్టింగ్ పెట్టారు, అది మారిస్తే పాత అలవాటు తిరిగొస్తుంది. మరుసటి ఏడాది, కొత్త లెక్కలన్నిటినీ రెండో సంచిక పేరుతో వేరే ప్యాకేజీలో పెట్టారు.

ఎంత ఓపికున్నా బాగుపడనిది ఒకటి మిగిలింది. ర్యాండ్‌ఆర్ అని ఒక ఫంక్షన్. థ్రెడ్లు ఒకదాని వరసను ఒకటి చెరపకుండా ఉండేందుకు, దాచుకునే సంఖ్యను ఇది తన దగ్గర ఉంచుకోదు, పిలిచినవాడి చేతిలోనే ఒక పూర్ణాంకంలో పెడుతుంది. నేటి యంత్రాల మీద ఆ పూర్ణాంకం ముప్పై రెండు బిట్లు. వర్ణమాలను పెంచుదామంటే పెట్టడానికి చోటు లేదు, చోటు పెంచుదామంటే పాత ప్రోగ్రాములన్నీ తిరిగి రాయాలి. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిగా ఉన్న పోసిక్స్ ప్రమాణం 2008లో దాన్ని కాలం చెల్లినదిగా గుర్తించి వదిలేసింది. లైబ్రరీల్లో మాత్రం ఇంకా ఉంది, ఇప్పటికీ ఎవరో ఒకరు దాన్ని పిలుస్తూనే ఉన్నారు కాబట్టి.