కందిగింజంత పొక్కు... లోపల రూపాయి బిళ్లంత కన్నం!

మా కారు వెనక చక్రం పైన కందిగింజంత పొక్కు లేచింది. లింగాల ఎండలకు పెయింట్ ఉబ్బిందేమో అనుకున్నా. గోరుతో గీకితే పెచ్చు ఊడి గోధుమరంగు పొడి రాలింది. తుప్పు!

నాయన చీనీకాయల డబ్బుతో కొన్న సెకండ్ హ్యాండ్ కారు అది. చెల్లెలి కాలేజీ ఫీజు కోసం అమ్మేద్దామనుకున్నాం. మా బంధువొకాయన కొంటానన్నాడు కూడా. ‘‘పైన కాస్త రంగేయించు, చాలు’’ అన్నాడు నాయన.

పులివెందులలో టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్లా. మేస్త్రి ముందు పొక్కు జోలికే పోలేదు. స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు. ‘టంగ్ టంగ్’ అంటున్న రేకు ఒకచోట ‘డబ్ డబ్’ అంది. చిన్న అయస్కాంతం పెట్టాడు. మిగతాచోట్ల టక్కున అతుక్కున్నది అక్కడ జారి కిందపడింది.

‘‘ముందే ఎవరో ఈడ మందంగా లప్పం పెట్టినారు అబ్బీ’’ అంటూ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కాడు. బిస్కెట్ ముక్కలా విరిగి, రూపాయి బిళ్ల పట్టేంత కన్నం పడింది. అంటే మాకు అమ్మినాయన తుప్పును దాచి అమ్మాడన్నమాట.

వానలే తక్కువైన మా ఊళ్లో ఇంత తుప్పా? ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ తగిలితే చాలు, తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే ఉబ్బి పెయింట్‌ను పైకి తోస్తుంది. పొక్కు మనకు కనిపించేసరికే లోపల చాలాభాగం తినేసి ఉంటుంది.

మా తప్పూ ఉంది. తోటకు పొటాష్ మూటలు డిక్కీలోనే తెచ్చేవాళ్లం. అది పొటాషియం క్లోరైడ్, మనం తినే ఉప్పుకు దగ్గరి చుట్టం. రాలిన పొడి మ్యాట్ కింద చెమ్మ పట్టి రేకును తింటుంది. డోర్ల అడుగున నీళ్లు కారిపోవడానికి ఉండే రంధ్రాలేమో ఎర్రదుమ్ముతో పూడిపోయాయి. కారు కడిగిన నీళ్లన్నీ లోపలే!

‘‘లప్పం పూసి రంగేస్తే రేపే తీస్కపోవచ్చు. నాలుగు వానలకు మళ్లీ లేస్తాది. కోసి కొత్త రేకు వేస్తే నాలుగు రోజులు, ఖర్చు మూడింతలు. యాది చేయమంటావ్?’’ అన్నాడు మేస్త్రి.

నాయనకు ఫోన్ చేశా. ‘‘మనకు అమ్మినాయన చేసిన పనే మనమూ చేద్దామా నాయనా?’’ అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘‘కోయించు’’ అని పెట్టేశాడు.

బ్యాటరీ వైరు తీసి, తుప్పు తిన్న భాగాన్ని మెరిసే రేకు కనిపించేదాకా కోశారు. కొత్త రేకు వెల్డింగ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, దానిమీద పల్చగా లప్పం, తర్వాతే రంగు. వెల్డింగ్ వేడికి రేకు వెనకవైపు రంగు కూడా కాలిపోతుంది. అందుకని లోపల మైనం లాంటి మందు కొట్టించారు. ఇది వదిలేస్తే తుప్పు మళ్లీ అక్కడినుంచే మొదలవుతుందట.

మీరూ పాత కారు చూస్తున్నారా? అయితే అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి చక్రాల పైభాగం, డోర్ల అడుగు తడిమి చూడండి. మ్యాట్లు, స్టెప్నీ ఎత్తి చూడండి. డోర్ రంధ్రాలు పూడి ఉంటే పుల్లతో పొడవండి. ప్లాస్టిక్ బంపర్ మీద పొక్కులుంటే మాత్రం భయపడకండి, ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు. అది పెయింట్ పనిలో లోపం. కొత్తగా రంగేసిన చోట లేచే పొక్కులన్నీ కూడా తుప్పు కావు. కింద తేమ చిక్కుకున్నా లేస్తాయి. ఒకటి గీకి చూస్తే తెలిసిపోతుంది.

కోసేటప్పుడు నా ఫోన్‌లో తీసిన ఫొటోలన్నీ బంధువుకు చూపించా. పదివేలు తగ్గించి అడిగాడు. ఇచ్చేశాం. ఫీజుకు తగ్గిన డబ్బు నాయన చేబదులు తెచ్చాడు.

మొన్న పండక్కి వాళ్లింటికి వెళ్లినప్పుడు వాకిట్లో కారు కనిపించింది. ఎవరూ చూడకుండా చక్రం పైన వేలితో తట్టా.

‘టంగ్’ మంది.